మంచుగుట్ట కరిగేదాకా

మా తెలుగు క్రైస్తవ సంఘంలో శుక్రవారం సాయంత్రాలు గృహకూటం ఒక్కో వారం ఒక్కొక్కరింట్లో జరిగేది. అమెరికాలోని పార్సిప్పనీ అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్లన్నీ ఒకే నమూనా కాబట్టి ఎవరింటికి వెళ్ళినా సోఫా ఒక గోడకే ఉండేది, చెప్పుల గుట్ట ఒక మూలకే ఉండేది. పాటలు, వాక్యం అయ్యాక చివర్లో ప్రార్థనలు. అందులో మాకొక పద్ధతి ఉంది. అందరికంటే చిన్నవాళ్ళతో మొదలుపెట్టి, వయసు వరసలో పెద్దవాళ్ళదాకా ఒక్కొక్కరూ పైకి ప్రార్థించాలి. పిల్లలు నాలుగు ముక్కలు చెప్తారు. వాళ్ళు ఊపిరి తీసుకున్న చోటల్లా పెద్దవాళ్ళం "ఆమెన్" అంటాం. నడక నేర్చుకునే బిడ్డకు వేలు అందించడం లాంటిది అది. ఆ బిడ్డ ఏమంటోందో అంత చెవిపెట్టి వినేవాళ్ళం కాదు.

ఆ చలికాలం, ఫిబ్రవరి మొదటి శుక్రవారం, కూటం మా ఇంట్లోనే. మా పాపకు ఆరేళ్ళు. ఆ రోజు గదిలో తనే అందరికన్నా చిన్నది. కళ్ళు గట్టిగా మూసుకుని మొదలుపెట్టింది.

"ప్రభువా, థాంక్యూ ఫర్ ది డే."

"ఆమెన్."

"అమ్మకి డ్యూటీలో హెల్ప్ చెయ్యి."

"ఆమెన్, ప్రభువా."

"డాడీ బైక్ విరిగిపోవాలి."

"ఆమెన్!"

ఇరవై మంది గొంతులు కలిసి అన్నాయి. వాటిలో నాదీ ఉంది. అన్నాక గాని చెవికెక్కలేదు. పాప మాత్రం "ఏసయ్య నామంలో" అని ముగించి, చేయవలసిన పని చేసేసినట్టు చాప మీద వెనక్కి జరిగి కూర్చుంది.

మా సంఘంలో పెద్దాయన ఒకరున్నారు, నలభై ఏళ్ళ కిందట గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే డాక్టరుగా రిటైరైన మనిషి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఏమయ్యా తమ్ముడూ, సంఘం ఏకగ్రీవంగా తీర్మానించేసింది. నువ్వు కూడా సంతకం పెట్టావు. ఇంక పైన ఫైలు కదిలినట్టే" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. టీ పెట్టడానికి లేచి వెళ్ళింది.

నవ్వులాట అనుకుని వదిలేసే మనిషిని కాను నేను. ఆదివారం మధ్యాహ్నాలు, మేము అద్దెకు తీసుకున్న అమెరికన్ చర్చి హాల్లో సండే స్కూల్ పిల్లలకు పాఠం చెప్పేది నేనే. నాలుగు వారాల ముందు, మా పాప ముందు వరసలో కూర్చుని ఉండగా నేను చెప్పిన పాఠం ఇదే: ఒక్కరు అడిగినా దేవుడు వింటాడు, అందరూ ఒక్క మనసుతో అడిగితే మరింతగా వింటాడు. అది నేను నమ్మే చెప్పాను. మా నాన్న సువార్తికుడు. సైకిల్ హ్యాండిల్‌కి గుడ్డసంచి, చేతిలో చిన్న గంటతో ఊరూరా తిరిగినవాడు. వెనక క్యారియర్ మీద కూర్చుని ఆయన పాడే పాటల్లోనే నేను వాక్యం నేర్చుకున్నాను. ప్రార్థన అంటే నాకు గాలిలోకి వదిలే మాట కాదు.

చిక్కేమిటంటే, పాప బైక్ అన్న ఆ నా సైకిల్ కోసమే అదే సంఘం అప్పటికే ప్రార్థిస్తోంది. కొత్త సంవత్సరం ఆరాధనలో నేను లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. కిందటి ఏప్రిల్‌లో మా చుట్టుపక్కల సైక్లిస్టులు జరిపే నూట పాతిక మైళ్ళ రైడులో తొంభై దగ్గర కాలి కండరాలు పట్టేసి వ్యాన్లో వెనక్కి వచ్చానని, ఈ ఏప్రిల్‌లో పూర్తిచేస్తానని, అందుకు ప్రార్థన సహకారం కావాలని అడిగాను. దానికీ గట్టిగానే ఆమెన్ పడింది. ఇప్పుడు ఒకే సైకిల్ మీద రెండు ఆమెన్లు, ఎదురెదురుగా.

ఆ చలికాలం మామూలు చలికాలం కాదు. కురిసిన మంచు కరగకముందే మళ్ళీ కురిసేది. రోడ్ల మీద ఉప్పు తెల్లగా పేరుకుపోయింది. పార్కింగ్ లాట్ ఊడ్చే బండి మంచునంతా మా బిల్డింగ్ పక్క మూలకు తోసి తోసి, జనవరి చివరికల్లా అక్కడ ఒక గుట్ట లేచింది. పిల్లలు దానిమీద జారుడుబండ ఆడేవారు.

నాకు రైడు చేయడానికి దొరికేది శనివారం ఉదయం ఒక్కటే. మా ఆవిడ ఫార్మసీలో పనిచేస్తుంది, శనివారం తొమ్మిదికి డ్యూటీ. ఎనిమిదిన్నరకల్లా ఇంట్లోంచి బయల్దేరాలి. కాబట్టి మా ఒప్పందం: నేను అయిదింటికి వెళ్ళి ఎనిమిదికి ఇంట్లో ఉండాలి. ఎనిమిది దాటకూడదు. జనవరి ఆఖరి శనివారం నేను ఎనిమిదీ నలభైకి వచ్చాను. టైరు పంక్చరైంది, వేళ్ళు బిగుసుకుపోయి ట్యూబు మార్చడానికి అరగంట పట్టింది, ఫోను చలికి ఆరిపోయింది. వచ్చేసరికి మా ఆవిడ కోటు వేసుకుని, తాళాలు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉంది. నా మొహం చూసింది, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయింది. అంతే జరిగిందనుకున్నాను.

కూటం అయి అందరూ వెళ్ళాక, గిన్నెలు తుడుస్తూ ఆవిణ్ణి అడిగాను.

"దానికి నువ్వు నేర్పావా?"

"ఏది?"

"ఆ ప్రార్థన."

"నాకంత తీరికుంటే నేనే చేసేదాన్ని ఆ ప్రార్థన" అంది. తర్వాత, "దాన్నే అడగండి ఎందుకు చేసిందో" అంది.

అడగలేదు. నాకు తెలుసనుకున్నాను: శనివారం పొద్దున్న తనతో కార్టూన్లు చూడటానికి నేనుండటం లేదని. మా పాస్టర్‌గారికి ఫోన్ చేశాను. "అయ్యగారూ, ఒకసారి ఆమెన్ అన్న ప్రార్థనను వెనక్కి తీసుకోవచ్చా?" అని నేనడిగితే ఆయన నవ్వలేదు. "పిల్ల ఎందుకడిగిందో కనుక్కున్నావా బ్రదర్?" అన్నారు ఆయన కూడా. కనుక్కుంటానన్నాను.

మరుసటి ఉదయం రైడుకి వెళ్ళాను.

భయం అంటే ఏమిటో ఆ శనివారం తెలిసింది. అంతకుముందు మంచు మీద జారాను, లారీలు పక్కనుంచి దూసుకుపోవడం చూశాను, కాని అవన్నీ జాగ్రత్తపడితే పోయేవి. ఇప్పుడు దిగుడు వచ్చిందంటే బ్రేకు వదిలేవాణ్ణి కాదు. చక్రంలో ఏ చిన్న చప్పుడైనా, ఇదేనా, ఇప్పుడేనా అని ఆగి చూసుకునేవాణ్ణి. లైటు వెలుతురులో రోడ్డు నల్లగా మెరిస్తే అది తడో మంచుపొరో తెలిసేది కాదు. ఏడూ యాభైకి ఇంటికి వచ్చాను. పాప నైట్‌డ్రెస్‌లో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగింది, వంగి చూసింది.

"ఇంకా విరగలేదా?"

"లేదమ్మా."

"కానీ అందరూ ఆమెన్ చెప్పారు కదా. నువ్వు కూడా చెప్పావు."

"చెప్పాను."

"మరి గాడ్ వినలేదా?"

ఎంతమంది పిల్లలకు ఎన్ని పాఠాలు చెప్పానో! వాటిలోంచే ఒక మాట తీశాను. "దేవుడికి ఒక సమయం ఉంటుంది" అన్నాను. అది నిజమే, కాని నేనన్నది నిజం కోసం కాదు, తప్పించుకోవడానికి. తను తలూపి, సరే వెయిట్ చేస్తానన్నట్టు లోపలికి వెళ్ళింది.

రెండో శనివారం కూడా అంతే. గుమ్మం, సైకిల్ చుట్టూ ఒక చుట్టు, వంగి చూడటం. ఈసారి ఏమీ అడగలేదు. ఆదివారం సండే స్కూల్లో, దేవుడు ప్రార్థన వింటాడని నమ్మేవాళ్ళు చెయ్యెత్తమంటే అందరూ ఎత్తారు, తను ఎత్తలేదు. రాత్రి భోజనం ముందు ప్రార్థన చెయ్యమంటే, "నువ్వే చెయ్యి డాడీ, నాది పని చెయ్యట్లేదు" అంది.

సైకిల్ క్షేమంగా ఇంటికి వచ్చిన ప్రతి శనివారం నా బిడ్డ నమ్మకంలోంచి ఒక రాయి ఊడుతోంది. సైకిల్ విరిగితే నేను పడతాను. విరగకపోతే తన నమ్మకం పడిపోతుంది. మా ఆవిడతో ఈ మాట అంటే, "రైడు మానెయ్యొచ్చుగా" అంది తేలిగ్గా. మానేస్తే నేను సంఘం ముందు నిలబడి అడిగిన సహాయం ఏమవుతుందని వాదించాను. ఇప్పుడు తలుచుకుంటే అది భక్తి కాదు, పరువు.

ఇంకొక సంగతి కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. మామూలుగా ప్రతి రైడు తర్వాత సైకిల్‌కి అంటిన ఉప్పు కడిగి, చైను తుడిచి నూనె వేయాలి. లేకపోతే ఉప్పు ఇనుమును తినేస్తుంది. ఆ కూటం తర్వాత నేను ఆ పని మానేశాను. బద్ధకించి కాదు. దేవుడు విరవదలుచుకుంటే నూనె వేసినా విరుస్తాడు, కాపాడదలుచుకుంటే తుప్పునైనా కాపాడతాడు, ఆయన చిత్తమేదో చూద్దాం అని నాలో నేను అనుకున్నాను. దాన్ని విశ్వాసమనుకున్నాను. దేవుణ్ణి పరీక్షించడం ఎంత పాపమో పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి నేనే.

మూడో శనివారం, ఇంటికి పద్నాలుగు మైళ్ళ దూరంలో, ఒక ఎక్కుడులో లేచి నిలబడి తొక్కుతుండగా చైను తెగింది.

పెడల్ ఒక్కసారిగా ఖాళీ అయింది, మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టు. మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది. తెగిన చైను వెనక చక్రంలో చిక్కుకుని, గేరు మార్చే ఇనప చెయ్యిని వంకర చేసి, చక్రాన్ని బిగించేసింది. నేను రోడ్డు వైపుకి ఒరుగుతున్నాను. వెనక నుంచి మంచు తోసే బండి వస్తున్న చప్పుడు వినబడుతోంది. దేవుని చెయ్యే నన్ను అటు కాక ఇటు తోసింది. రోడ్డంచున పేర్చిన మంచులో నడుముదాకా కూరుకుపోయాను. బండి నా పక్కనుంచి, చేయి చాపితే తగిలేంత దగ్గరగా వెళ్ళింది. దాని ఇనప రెక్క ఎగజిమ్మిన బురద మొహమంతా పడింది. డ్రైవరు నన్ను చూశాడో లేదో తెలియదు.

"స్తోత్రం" అన్నాను పైకే.

ఫోను ఈసారి లోపలి జేబులో పెట్టుకున్నాను కాబట్టి పనిచేసింది. ఏడూ పది. మా ఆవిడ "దెబ్బలు తగిలాయా?" అని ఒక్కటే అడిగింది. నలభై నిమిషాలకు కారు వచ్చింది. వెనక సీట్లో పాప, నైట్‌డ్రెస్ మీదే కోటు. నేను చిరిగిన ప్యాంటుతో, మోకాలి నుంచి రక్తం కారుతూ, తెగిన చైను చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను. తను అద్దంలోంచి ముందు చైనును చూసింది, తర్వాత మోకాలిని చూసింది.

ఇంకా తలుపు తెరవకముందే ఏడుపు వినబడింది.

"నేను బైక్ అని చెప్పాను! ఓన్లీ బైక్! డాడీ అని చెప్పలేదు!"

సీటు బెల్టుతో గింజుకుంటూ, నన్ను చూస్తూ కాదు, కారు పైకప్పు వైపు చూస్తూ అరుస్తోంది. అంత కోపంగా దేవుడితో మాట్లాడిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

సైకిల్‌ని వెనక డిక్కీలో కుక్కి, నేను తన పక్కన కూర్చున్నాను. అప్పుడు అడిగాను, రెండు వారాల కిందట అడగవలసిన మాట.

"ఎందుకమ్మా, బైక్ విరగాలని అడిగావు?"

ఎక్కిళ్ళ మధ్య చెప్పింది. "ఆ రోజు నువ్వు లేట్ వచ్చావు. అమ్మ కోట్ వేసుకుని విండో దగ్గర జీసస్‌తో మాట్లాడింది. గట్టిగా. అమ్మ ఏడ్చింది. నన్ను చూసి ఏడవలేదు అని చెప్పింది. బైక్ లేకపోతే నువ్వు లేట్ అవ్వవు కదా."

ముందు సీట్లో మా ఆవిడ రోడ్డు వైపే చూస్తోంది. అద్దంలో ఆవిడ కళ్ళు కనబడుతున్నాయి. నలభై నిమిషాలు ఆలస్యమైనందుకు కోపమొచ్చిందనుకున్నాను నేను. ఆ నలభై నిమిషాలూ ఆవిడ నన్ను రోడ్డు మీద పడి ఉన్నట్టు మనసులో ఎన్ని రకాలుగా చూసుకుందో నాకు తట్టనే లేదు.

"చైను దేవుడు తెంచలేదమ్మా" అన్నాను పాపతో. "ఉప్పు కడగకుండా నేనే దాన్ని పాడుచేశాను. నన్ను అటు పడకుండా ఇటు తోసింది మాత్రం ఆయనే. నువ్వు అడిగింది ఆయన విన్నాడు. నువ్వు అడగనిది కూడా విన్నాడు."

"అమ్మ అడిగింది" అంది పాప.

ఆ రోజు మా ఆవిడ డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళింది. ఇంటి దగ్గర నన్నూ పాపనూ దింపుతూ, "మోకాలు వేణ్ణీళ్ళతో కడుక్కోండి, ఉప్పు పడుంటుంది" అంది. ఆ వారంలో నేను వంట చేస్తుంటే వెనక నుంచి వచ్చి రెండుసార్లు ఊరికే నిలబడి వెళ్ళింది.

తర్వాతి శుక్రవారం కూటం పెద్దాయన ఇంట్లో. ప్రార్థనలు మొదలయ్యాయి. పాప కళ్ళు మూసుకుంది. గదిలో ఇరవై మందీ కళ్ళు తెరిచారు.

"ప్రభువా, థాంక్యూ ఫర్ ది డే."

ఎవరూ నోరు తెరవలేదు. పాప ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది.

"డాడీని బాగు చెయ్యి."

పెద్దాయన జాగ్రత్తగా, "ఆమెన్" అన్నారు.

"డాడీ బైక్ కూడా బాగు చెయ్యి. కానీ స్నో అంతా అయిపోయాక. మొత్తం స్నో."

అందరూ నా వైపు చూశారు. ఏప్రిల్ రెండో శనివారం రైడు. బయట ఇంకా మోకాలిలోతు మంచు. ఇప్పుడు ఆమెన్ అంటే ఏమి వదులుకుంటున్నానో నాకు తెలుసు. అందరికంటే ముందు నేనే అన్నాను.

"ఈసారి చదివి సంతకం పెట్టాడు" అన్నారు పెద్దాయన.

కొత్త చైను కొన్నాను, ఇనప చెయ్యి మార్పించాను. చైను మాత్రం ప్యాకెట్‌లోనే ఉంచాను. శనివారాలు ఇంట్లోనే ఉన్నాను. మార్చిలో మళ్ళీ రెండుసార్లు కురిసింది. నెలాఖరుకి గడ్డి కనబడింది, రోడ్లు ఆరాయి, ఏప్రిల్ వచ్చేసరికి పట్టణంలో మంచు ఎక్కడా లేదు. ఒక్క చోట తప్ప. మా పార్కింగ్ లాట్ మూల గుట్ట. అది మంచులా కూడా లేదు, మసిపట్టిన బండరాయిలా ఉంది. అందులోంచి ఒక పాత చేతితొడుగు, కాఫీ కప్పు మూత పైకి తేలాయి. పాప స్కూల్ నుంచి వచ్చాక రోజూ స్కేలు పట్టుకెళ్ళి కొలిచేది. "ట్వంటీ ఇంచెస్." "ఎయిటీన్."

రైడు రెండు రోజులుందనగా, గురువారం తెల్లవారుతుండగా, నేను పార తీసుకుని ఆ గుట్ట దగ్గరికి వెళ్ళాను. పగలగొట్టి ఎండ తగిలే చోట చల్లితే ఒక్క రోజులో కరిగిపోతుంది. ప్రాక్టీస్ లేకపోయినా యాభై మైళ్ళయినా తొక్కొచ్చు. పాపతో అబద్ధం చెప్పనక్కర్లేదు, మంచు నిజంగానే ఉండదు. రెండు దెబ్బలు వేశాను. పార ఖంగుమని ఎగిరింది, గుట్టకి రవ్వంత గీత పడింది. మూడో దెబ్బకి పార ఎత్తేసరికి వెనక కిటికీ చప్పుడైంది. మా ఆవిడ.

"ఏమండీ, అదేం పని?"

పార కిందికి దించాను.

"పాపకి తెలియదు లెండి. పైనున్న ఆయనకి కూడా తెలియదా?" అంది. కిటికీ మూసేసింది.

పార కారు డిక్కీలో పడేసి పైకి వచ్చాను. మళ్ళీ దేవుణ్ణి పరీక్షించబోయాను. ఒక చలికాలంలో రెండుసార్లు.

ఆ శనివారం ఉదయం ఏడింటికి రైడు మొదలవుతుందని తెలిసే లేచాను. దోసెలు వేశాను. మా ఆవిడ తిని డ్యూటీకి వెళ్ళింది, వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. ఎనిమిదిన్నరకి పాప బూట్లు తొడుక్కుని స్కేలుతో కిందికి పరిగెత్తి, తిరిగొచ్చింది.

"ఇంకా ఉంది డాడీ. సెవెన్ ఇంచెస్. నువ్వు సాడ్‌గా ఉన్నావా?"

"కొంచెం ఉన్నానమ్మా" అన్నాను. ఈసారి తప్పించుకోవాలనిపించలేదు.

తను వంటింట్లోకి వెళ్ళింది. కుర్చీ లాగిన చప్పుడు, కుళాయి చప్పుడు. ప్లాస్టిక్ మగ్గు నిండా వేణ్ణీళ్ళు పట్టుకుని, ఒలకబోసుకుంటూ వచ్చింది.

"ఇది చీటింగా?"

"ఎందుకు?"

"గాడ్‌కి హెల్ప్ చేద్దామని."

రైడు మొదలై అప్పటికే గంటన్నర. ఆ నీళ్ళతో ఇంక నాకు కలిసొచ్చేదేమీ లేదు. పార సంగతి దానికి చెప్పలేదు. రెండో మగ్గు నేను నింపాను. ఇద్దరం మెట్లు దిగి, ఆ నల్లటి గుట్ట మీద చెరొక మగ్గు పోశాం. ఆవిరి లేచింది, నీళ్ళు పాప బూట్ల కిందనుంచి పారి కాలువలోకి వెళ్ళాయి. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి, నాలుగైదు సార్లు.

గుట్ట మాత్రం ఆ తర్వాతి బుధవారం దాకా ఉంది.